తిత్తికి తగిన గుడ్డ

మెట్ల కింద సామాన్ల గదిలో ఇద్దరు ఆడవాళ్ళు తలుపు వేసుకుని చీకట్లో కూర్చున్నారు. వాళ్ళ ముందు ఒక అట్టపెట్టె ఉంది. పెట్టె లోపల టేబుల్ లైటు వెలుగుతోంది. పెట్టెకు ఒక పక్క కిటికీలా కోసి, ఆ కోతకు నల్లగుడ్డ బిగించి, అంచులన్నీ టేపుతో మూసేశారు. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. తలుపు కింది సందులో గోనెపట్టా కుక్కడం వల్ల గదిలో మాత్రం కాటుక చీకటి.

"అదిగో, కుడివైపు అంచున. సన్నగా మెరిసింది, చూశావా?" అంది చిన్నది.

"ఏం మెరిసింది?" అంది పెద్దది.

"వెలుతురు వదినా. గుడ్డలోంచి కారుతోంది."

వదిన కళ్ళు చించుకుని చూసింది. ఆమెకు పెట్టె ఎక్కడుందో కూడా తెలియలేదు.

"నాకేం కనబడలేదమ్మాయ్."

"నువ్వు సరిగ్గా చూడలేదు. ఈ గుడ్డ పనికిరాదు, ఇంకోటి తేవాలి."

చిన్నది వదినకు ఆడపడుచు, పుస్తకాలకు బైండింగు చేస్తుంది. చిన్నప్పుడే సోడాబుడ్డి అద్దాలు రావడంతో బళ్ళో పిల్లలు పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చి, అరిగి అరిగి 'బుడ్డి'గా మిగిలింది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. వదిన ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. వదిన భర్త, అంటే బుడ్డి అన్నయ్య, సరుకుల లారీ నడుపుతాడు. బయల్దేరాడంటే వారాల తరబడి రాడు. కనుక ఇంట్లో ఎప్పుడూ ఉండేది వీళ్ళిద్దరే. ఒకరిది సూది, ఒకరిది జిగురు. పోట్లాడుకోవడానికి కూడా మూడో మనిషి లేడు.

ఆ మధ్య మూతపడిన ఒక ఫోటో స్టూడియో వాళ్ళ ఆల్బములు బైండు చేసి ఇచ్చినందుకు, వాళ్ళు బుడ్డికి ఇత్తడి గొట్టంలో బిగించిన పాత కటకం ఒకటి ఇచ్చారు. అది చేతికి రాగానే ఆమెకు సొంతంగా కెమెరా చేయాలన్న పట్టుదల పుట్టింది. ముందు చట్రం, వెనక చట్రం చెక్కతో చేసేసుకుంది. ఇక మిగిలింది రెంటికీ మధ్య తిత్తి. కొలిమితిత్తిలా మడతలు మడతలుగా సాగాలి, ముడుచుకోవాలి. లోపల చీకటి మాత్రం చెదరకూడదు. సూదిమొనంత సందులోంచి వెలుతురు దూరినా ఫోటో పాడైపోతుంది.

"నీకు కెమెరా పిచ్చి పట్టిందే," అని వదిన మొదట్లో నవ్వేది. తర్వాత ఆ మాట ఆమె నోట రాలేదు.

మొదటి గుడ్డ కిటికీ తెరలకు వాడే మందపాటిది, మూడు పొరలది. అదే కారుతోందంటే ఇంకేం నిలుస్తుంది? అయినా బుడ్డి మర్నాడే వదినను వెంటబెట్టుకుని బట్టల కొట్టుకు బయల్దేరింది.

కొట్టాయన నల్ల తానులన్నీ గల్లాబల్ల మీద దొర్లించాడు. "మీరు బట్టలు కొనడానికి వచ్చారా, చీకటి కొనడానికా?" అని హాస్యమాడాడు. బుడ్డి ప్రతి గుడ్డనూ వేళ్ళ మధ్య నలిపి చూసింది. రెక్సిను మడత దగ్గర దిమ్మలా లేస్తుంది. వెల్వెట్టు నూగు రాలుస్తుంది, అది కెమెరాలో పడితే ఫోటో నిండా మచ్చలే. గొడుగు గుడ్డ పల్చన. లైనింగు సాటిను జిగురు పట్టదు, జారిపోతుంది. నల్ల పాప్లిను నేత బాగా దగ్గరగా ఉంది గానీ ఒక పొర సరిపోదు. ఆమె ఆ లెక్కలన్నీ చెబుతుంటే వదినకు ముచ్చటేసింది. పని తెలిసిన మనిషి పని గురించి మాట్లాడితే వినబుద్ధవుతుంది.

అంతలో బుడ్డి మాట ఆపి, ముఖం ముందు చెయ్యి విసిరింది. ఈగను తోలినట్టు. మళ్ళీ విసిరింది.

అక్కడ ఈగ లేదు.

అలా చెయ్యి విసరడం వదిన ఇంతకుముందు చూసింది. అత్తగారు, అంటే బుడ్డి తల్లి, చివరి రోజుల్లో మంచంలో కూర్చుని సరిగ్గా అలాగే లేని ఈగలను తోలేది. తర్వాత గోడ మీద పిల్లలు కనిపించడం మొదలైంది. వాళ్ళతో మాట్లాడేది, వాళ్ళకు అన్నం పెట్టమనేది. ఒకనాడు వదినను ఎవరో దొంగ అనుకుని కూరల కత్తి ఎత్తింది. ఆ రోజు బుడ్డే వెనక నుంచి తల్లిని వాటేసుకుని కత్తి లాక్కుంది. ఆ సంగతి ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఏమైంది?" అంది వదిన, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ.

"ఏం లేదు. ఈగ," అంది బుడ్డి.

నాలుగు రకాల గుడ్డలు కొనుక్కుని ఇంటికి వచ్చారు. ఒక్కొక్కటే పెట్టెకు బిగించారు. ఒక పొర పెట్టారు, రెండు పొరలు పెట్టారు, పాప్లిను మీద తెరగుడ్డ వేసి చూశారు. ఎన్ని పొరలు వేసినా బుడ్డిది ఒకటే మాట. "అదిగో, మళ్ళీ అక్కడే. కుడి అంచున."

గుడ్డ మారుతోంది, మెరుపు మారడం లేదు. ఈ ముక్క వదిన బుర్రలో మేకులా దిగింది. కానీ నోరు విప్పి అనలేకపోయింది. అంటే నిజమైపోతుందని భయం.

చివరికి ఒకసారి, చీకట్లో బుడ్డి పక్కన కూర్చుని, వదిన గోడ పక్కనున్న ప్లగ్గును చప్పుడు కాకుండా ఊడబీకింది. పెట్టెలో లైటు ఆరిపోయింది. ఇప్పుడు గదిలో వెలుతురనేది ఎక్కడా లేదు.

"ఇప్పుడు కనబడుతోందా?" అని అడిగింది. 'లేదు' అనాలని లోలోపల మొక్కుకుంది.

"ఆఁ, కనబడుతోంది. దూరంగా మెరుపు మెరిసినట్టు. ఇదిగో, మళ్ళీ."

వదిన పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన కూర్చున్నది తన చేత జడ వేయించుకున్న పిల్లే. అయినా ఆ క్షణాన చీకట్లో ఆమె భుజం తగిలితే వదిన ఉలిక్కిపడి పక్కకు జరిగింది. జరిగినందుకు సిగ్గుపడింది.

బుడ్డికి ఏదో అనుమానం తగిలింది. చీకట్లోనే తడుముకుంటూ పెట్టె మీద చెయ్యి వేసింది. తర్వాత వైరు వెంట వేళ్ళు పాకించుకుంటూ గోడదాకా వెళ్ళింది. ప్లగ్గు నేల మీద ఉంది.

"ఎప్పుడు తీశావు వదినా?"

వదిన చీకట్లో ఆమె చెయ్యి కోసం తడిమింది.

"నేను 'కనబడుతోంది' అన్నప్పటికే తీసేశావా?"

"తీసేశాను."

ఇద్దరూ తలుపు తీయలేదు. వెలుతురులో ఒకరి ముఖం ఒకరు చూసుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. బుడ్డి మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కళ్ళు మూసుకున్నా ఆ మెరుపు కనిపిస్తోందట. దాంతోపాటు చిన్న చిన్న నల్లచుక్కలు, మసిలాగా, ఎటు చూస్తే అటు ఈదుకుంటూ వస్తున్నాయట. మొదట్లో గుడ్డదే తప్పనుకుంది. గుడ్డదే తప్పు కావాలని కోరుకుంది. అందుకే ఇన్ని గుడ్డలు కొంది.

"అమ్మకూ ముందు ఈగలే కదా వదినా," అంది.

"ఛ, నోర్ముయ్. అవేం మాటలు," అంది వదిన. అంది గానీ ఆ గొంతులో బలం లేదు.

"అన్నయ్యకు చెప్పకు. అమ్మకు అలా అయినప్పుడే సగం మనిషయ్యాడు."

"చెప్పను."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో వాళ్ళిద్దరికే తెలుసు. బుడ్డి పని మానేసింది. బైండింగుకు వచ్చిన పుస్తకాలు బల్ల మీద దొంతరగా పడి ఉన్నాయి. వదిన మిషను తొక్కుతూనే ఓరకంట ఆమెను కనిపెట్టుకుని ఉండేది. బుడ్డి గోడ వైపు చూస్తే ఈమెకు చెమటలు పట్టేవి. గోడ మీద ఎవరున్నారో అడగాలనిపించేది, అడగలేకపోయేది. ఒకసారి బుడ్డి తనలో తనే ఏదో గొణుక్కుంటుంటే, పరుగెత్తుకెళ్ళి వింది. తీరా చూస్తే ఆమె అట్ట కొలతలు కూడుకుంటోంది.

భర్త ఫోను చేశాడు. "అంతా బాగేనా?" అన్నాడు. "బాగే," అంది వదిన. "బుడ్డి కెమెరా ఎంతవరకూ వచ్చింది?" అన్నాడు. "గుడ్డ కుదరలేదండీ," అంది.

ఒకనాటి పొద్దున బుడ్డి తన పనికత్తి పట్టుకుని వదిన గదిలోకి వచ్చింది. అట్టలూ తోలూ కోసే కత్తి, వెంట్రుకను నిలువునా చీల్చేంత పదును. వదిన మిషను మీద నుంచి లేచి నిలబడింది.

బుడ్డి కత్తి తిప్పి పిడి వైపు అందించింది.

"ఇది నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. తాళంచెవి ఎక్కడుందో నాకు చెప్పకు."

అంతకుమించి ఏమీ అనలేదు. వదిన ఆ కత్తిని బట్టల కింద దాచి తాళం వేసి, బీరువా తలుపుకు నుదురు ఆనించి చాలాసేపు ఏడ్చింది. ఒకప్పుడు తల్లి చేతిలోంచి కత్తి లాగిన పిల్ల, ఇప్పుడు తన చేతిలోంచి తనే లాగేసుకుంటోంది.

మరి రెండు మూడు రోజులకు, పొద్దున్నే ముఖం కడుక్కుని వచ్చి బుడ్డి కుర్చీలో కూర్చుంది. వదిన గ్లాసు అందిస్తుంటే, "కాస్త ఆ గుడ్డ పక్కకు తియ్యి వదినా, నీ కాళ్ళు కనబడటం లేదు," అంది.

"ఏ గుడ్డ?"

"ఇదిగో, కింద అడ్డంగా ఉందిగా, నల్లగా." అని అంతలోనే ఆగిపోయింది. ఆమె ముఖం పాలిపోయింది. "గుడ్డ లేదు కదూ?"

గ్లాసు వదిన చేతిలోంచి జారి పగిలింది. అయిపోయింది, ఇక గోడ మీదికి పిల్లలు రావడమే తరువాయి అనుకుంది. ఆ భయంలో ఏం చేస్తున్నదీ తెలియక, పసిపిల్లల కళ్ళు మూసినట్టు, బుడ్డి ముఖానికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "చూడకు, చూడకు," అంది. చెయ్యి కుడికంటి మీద పడింది.

"పోయింది," అంది బుడ్డి.

"ఏం పోయింది?"

"గుడ్డ. చెయ్యి తియ్యి... వచ్చింది. మళ్ళీ పెట్టు... పోయింది. వదినా! కుడికన్ను మూస్తే ఏమీ లేదు. ఎడమకంటికి అంతా శుభ్రంగా ఉంది!"

వదిన నేల మీద గాజుపెంకుల మధ్యే కూలబడింది. ఆమె మెదడు ఇన్నాళ్ళకు కదిలింది. అత్తగారు దుప్పటి ముసుగేసుకున్నా పిల్లలు పోయేవారు కాదు. ఒక కన్ను మూసినా రెండు కళ్ళు మూసినా వాళ్ళు అక్కడే ఉండేవారు.

"పిచ్చికి ఒక్క కన్నేమిటే?" అంది. "పట్టేదైతే మనిషినంతా పడుతుంది గానీ కుడికంటికి మాత్రమే పడుతుందా? లే. చెప్పులు వేసుకో. కళ్ళాసుపత్రికి పోదాం."

దారి పొడుగునా బుడ్డి కుడికన్ను మూసి తెరుస్తూనే ఉంది. "పైకి వస్తోంది వదినా. ఇందాక నీ మోకాళ్ళ దగ్గరుంది, ఇప్పుడు నడుం దాకా వచ్చింది." నీళ్ళలో మునుగుతున్న మనిషి నీటిమట్టం చెబుతున్నట్టు చెబుతోంది. వదిన ఆటో అబ్బాయి మెడ మీద పడి తొందరపెట్టింది.

ఆసుపత్రిలో కంట్లో చుక్కలు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా కూర్చోబెట్టారు. తర్వాత డాక్టరమ్మ దీపం తలకు తగిలించుకుని కంట్లోకి వంగింది. పైకి చూడమంది, కిందికి చూడమంది, పక్కకు చూడమంది. చూస్తున్నకొద్దీ ఆమె మాటలు తగ్గిపోవడం వదిన గమనించింది.

"కంటి లోపలి గోడకు పల్చటి పొర ఒకటి అతుక్కుని ఉంటుందమ్మా. చూపంతా దాని మీదే. మీకు అది పైభాగంలో చిరిగి, గోడ నుంచి ఊడి కిందికి జారుతోంది. ఇంత మందం అద్దాలున్నవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. అది లాగినప్పుడల్లా మీకు మెరుపులు కనిపించి ఉంటాయి."

"అంటే అట్ట నుంచి లోపలి కాగితం ఊడినట్టా?" అంది బుడ్డి.

"అలాగే అనుకోండి."

"అయితే ఇది పిచ్చి కాదా?"

డాక్టరమ్మ తెల్లబోయింది. "పిచ్చేమిటి? మీ కన్ను పోయేలా ఉందమ్మా."

బుడ్డి నవ్వడం మొదలుపెట్టింది. కుర్చీ చేతులు పట్టుకుని, కళ్ళలో మందూ కన్నీళ్ళూ కలిసి చెంపల మీద కారుతుంటే, ఆగకుండా నవ్వింది. వదినకూ నవ్వొచ్చింది. ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్న ఆ ఇద్దరినీ చూసి, వీళ్ళను ఇంకో డాక్టరుకు చూపించాలేమో అన్నట్టు నర్సు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మెరుపులు ఎప్పటినుంచి?" అని డాక్టరమ్మ అడిగే వరకే ఆ నవ్వు నిలిచింది. వదిన చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టి, "మొదటి రోజే వచ్చి ఉంటే చిరుగు చుట్టూ లేజరుతో కుట్టేసినట్టు చేసి పంపేదాన్ని. ఇప్పుడు ఆపరేషను తప్పదు. అదీ ఈ రోజే. నడిమధ్య చూపు ఇంకా నిలిచి ఉంది. అక్కడిదాకా ఊడితే నేనేమీ చేయలేను," అంది.

తాడును చూసి పామని భయపడి ఇల్లు కదలకుండా కూర్చున్నారు. అసలు పాము ఇంకో పక్క నుంచి వచ్చింది.

అప్పుడు భర్తకు ఫోను చేసింది. దాచిందంతా చెప్పింది. అవతల లారీ ఇంజను చప్పుడు ఆగిపోయింది. "నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాడు. తర్వాత గొంతు తగ్గించి, "లోపలికి తీసుకెళ్ళేదాకా దాని చెయ్యి పట్టుకునే ఉండు. దానికి చీకటంటే భయం. ఎవరికీ చెప్పదు," అన్నాడు. చీకటంటే భయమని వదినకు అంతవరకూ తెలియదు. సామాన్ల గదిలో తన పక్కనే అంతసేపు కూర్చుందే!

ఆపరేషను జరుగుతున్నంతసేపూ వదిన వరండాలో ఒకే బల్ల మీద కూర్చుంది. తెలివిలో ఉంచే చేస్తారని చెప్పారు. కన్ను మొద్దుబారినా చెవులు వింటాయి కదా, లోపల ఏ కత్తెర చప్పుడు వింటోందో అని ఆమె ఒళ్ళు జలదరిస్తూనే ఉంది.

కంట్లో గాలిబుడగ నింపి, పొరను గోడకు అదిమిపెట్టి పంపారు. బుడగ దాని పని అది చేయాలంటే మనిషి తల వంచుకునే ఉండాలి. కూర్చున్నా, పడుకున్నా, తింటున్నా నేల చూపే. బుడ్డి బల్ల అంచున దిండు పెట్టుకుని దానికి నుదురు ఆనించి కూర్చునేది. చూపు వస్తుందో రాదో అప్పుడే చెప్పలేమన్నారు. కట్టు కింద ఏముందో ఎవరికీ తెలియని ఆ రోజులే అన్నిటికన్నా పెద్ద భయం. రెండో రోజుకే ఆమె మాట్లాడటం మానేసింది. పిలిస్తే పలకదు. దిండు మాత్రం తడిసేది.

వదినకు ఏం చేయాలో తోచక, కొని పడేసిన గుడ్డలన్నీ తెచ్చి ఆమె ఒళ్ళో పోసింది.

"ఇవన్నీ ఏం చేసుకోమంటావు? మూటగట్టి కొట్టాయనకు తిరిగిచ్చెయ్యనా?"

చాలాసేపటికి బుడ్డి వేళ్ళు కదిలాయి. ఒక గుడ్డ తీసి మడిచింది, గోటితో మడత మీద గీసింది, వదిలేసింది. ఇంకోటి తీసింది. మడిచిన చోట ఏది మాట వింటుందో, ఏది తిరగబడి లేస్తుందో చూపు లేకుండానే వెదుకుతోంది.

"పాప్లినే," అంది దిండులోంచి. "రెండు పొరలు. మధ్యలో అట్టబద్దలు పెట్టి అతికించాలి. తెరగుడ్డ మంచిదే, వెలుతురు ఆపుతుంది, కానీ మడిస్తే ఇటుకలా అవుతుంది. నువ్వు చెయ్యి. నేను చెబుతాను."

"నేనా? నాకు జాకెట్టు తప్ప ఏం తెలుసు?"

"జాకెట్టుకు చంకలు కుట్టగలిగినదానివి, తిత్తికి మూలలు మడవలేవా?"

అలా నేల చూస్తూ ఒకరు చెబుతుంటే, తిట్టుకుంటూ ఒకరు చేశారు. వేళ్ళకు జిగురు అంటుకుని వదిన రెండుసార్లు ఏడుపు ముఖం పెట్టింది. మొదటి తిత్తి వంకరపోయింది, పారేశారు. ఆ లోపల భర్త వచ్చాడు. చెల్లెలి పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని, ఆమె ముఖంలోకి కింద నుంచి చూస్తూ కబుర్లు చెప్పాడు. అమ్మ గురించి కూడా మాట్లాడాడు. ఆ ఇంట్లో అత్తగారి ఊసు వినపడి చాలా ఏళ్ళయింది.

రెండో తిత్తి పూర్తయ్యాక దాన్ని చీకట్లో పరీక్షించే పని వదినకే పడింది. దాని ఒక మూతి పెట్టె కోతకు బిగించి, రెండో మూతిని అట్టతో మూసి, లైటు వెలిగించి, సామాన్ల గదిలో ఒంటరిగా కూర్చుంది. కళ్ళు చీకటికి అలవాటు పడుతున్నకొద్దీ భయం మొదలైంది. నాకూ మెరుపు కనిపిస్తే? కనిపించింది. ఒక మూల ఆవగింజంత వెలుతురు. చేత్తో కుడికన్ను మూసుకుంది. ఉంది. ఎడమకన్ను మూసుకుంది. ఉంది. ప్లగ్గు లాగేసింది. పోయింది.

"చిల్లే! చిల్లే!" అని కేకలు పెడుతూ బయటికి పరుగెత్తుకొచ్చింది. తిత్తికి చిల్లు పడిందని అంత సంబరపడిన మనిషి ఇంకొకరు ఉండరు.

కట్టు విప్పిన నాడు బుడ్డికి మొదట మసక తప్ప ఏమీ కనబడలేదు. ముఖం ముందు చెయ్యి కదిలితే కదిలిందని మాత్రం తెలిసింది. డాక్టరమ్మ ఓపిక పట్టమంది. తర్వాత బుడగ కొద్దికొద్దిగా కరుగుతుంటే, పైనుంచి ఒక సన్నని గీతంత చూపు వచ్చింది. నిండుబిందె అంచున నీళ్ళు ఊగినట్టు ఊగేది. రోజుకింత పెరిగింది. వదిన నుదురు కనిపించింది, తర్వాత కళ్ళు, ఆ తర్వాత నోరు.

"నోరు కనబడకపోయినా బాగుండేది. వినబడుతూనే ఉందిగా," అంది బుడ్డి.

చూపు పూర్తిగా రాలేదు. ఆ కంటితో చూస్తే తిన్నని గీత కాస్త వంగి కనబడుతుంది. రెండో కంట్లో కూడా ఒకచోట పొర పల్చబడిందని, ముందుజాగ్రత్తగా లేజరు చేశారు. బీరువాలోంచి కత్తి వెనక్కి వచ్చింది. అట్టలు కోసేటప్పుడు ఇప్పుడు ఆమె స్కేలును కంటితో కాక బొటనవేలితో సరిచూసుకుంటుంది. కెమెరా బల్ల మీద ఉంది. చిల్లు మూసిన తిత్తి చట్రాల మధ్య బాగానే సాగుతోంది. కటకం బిగించాల్సిన చెక్క ఇంకా కోయలేదు.

వదిన భయం మాత్రం పూర్తిగా పోలేదు. మధ్యాహ్నం వేళ మిషను తొక్కుతూ ఉంటుంది. పక్కగదిలో అట్టలు కోస్తున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆమె కాలు కూడా ఆగిపోతుంది.

"ఏమ్మాయ్? ఏమైంది? ఏమైనా కనబడిందా?"

"సూదిలో దారం ఎక్కిస్తున్నాను వదినా. దారి తప్పుతోంది."

"ఇలా తే, నేను ఎక్కిస్తాను."

"వద్దు. ఉండు, ఎక్కేట్టే ఉంది."